కిడ్నీ రాయి నుంచి మడమ నొప్పి దాకా: ఒక అల కథ

చాలా ఏళ్ళ క్రితం మా అక్కకు కుడి భుజం పట్టేసింది. చెయ్యి పైకెత్తి జడ వేసుకోవడానికి కూడా వీలయ్యేది కాదు. పక్క ఊళ్ళో ఒకాయన దగ్గరికి వెళ్ళి మంత్రించిన నల్లతాడు కట్టించుకొచ్చింది. కొన్ని నెలలకు నొప్పి తగ్గింది. నేను ఊరుకుంటానా? "తాడు కట్టుకోకపోయినా తగ్గేదే అక్కా, ఇలాంటి భుజం నొప్పులు చాలావరకు వాటంతటవే తగ్గుతాయి" అని పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. ఆవిడ నవ్వి ఊరుకుంది.

తరవాత నా వంతు వచ్చింది. రిటైరై బెంగుళూరులో మా అబ్బాయి దగ్గర ఉండగా ఎడమ మడమ నొప్పి మొదలైంది. పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేస్తే మేకు దిగినట్టుండేది. జిల్లేడాకు వేడి ఇటుక మీద పెట్టి కాపడం దగ్గర్నుంచి మెత్తటి చెప్పుల దాకా అన్నీ అయ్యాయి. ఎనిమిది నెలలు చూసి, ఇక భరించలేక, ఒక క్లినిక్‌లో "షాక్‌వేవ్ థెరపీ" చేయించుకున్నాను. మడమకు జెల్ రాసి, పిస్తోలు లాంటి పరికరం ఆనించి టకటకా కొట్టారు. వారానికొకటి చొప్పున మూడు సిట్టింగులు. రెండు నెలల్లో నొప్పి దాదాపు పోయింది. సంతోషం పట్టలేక అక్కకు ఫోన్ చేసి చెప్పాను. ఆవిడ అంతా విని, "ఆ మిషను పెట్టించుకోకపోయినా తగ్గేదేమోరా తమ్ముడూ" అంది.

నా దగ్గర జవాబు లేదు. ముప్ఫై ఏళ్ళు ఫిజిక్సు పాఠాలు చెప్పినవాణ్ణి. హేతువాద సభల్లో తాయెత్తుల మీద మాట్లాడినవాణ్ణి. తాడు కట్టినాయన్ని అడిగే ప్రశ్నల్లో ఒక్కటి కూడా మిషను పెట్టినాయన్ని అడగలేదు. కారణం సిగ్గుపడుతూనే ఒప్పుకోవాలి. ఆ గదిలో కరెంటుతో నడిచే యంత్రం ఉంది, దాని పేరులో "వేవ్" ఉంది. నాకు అది చాలింది. అక్క మాటతో పౌరుషం వచ్చి ఈ యంత్రం చరిత్ర చదవడం మొదలుపెట్టాను. తెలుసుకున్నది మీతో పంచుకుంటున్నాను.

కథ వైద్యంలో కాదు, విమానాల్లో మొదలైంది. దక్షిణ జర్మనీలో ఫ్రీడ్రిక్స్‌హాఫెన్ అనే ఊళ్ళో డోర్నియర్ అనే విమానాల కంపెనీ ఉండేది. ధ్వని కన్నా వేగంగా పోయే విమానానికి వాన చినుకు తగిలినా ఒంటిమీద గుంటలు పడతాయి. ఎందుకలా అని 1960లలో అక్కడి ఇంజినీర్లు పరిశోధించారు. చినుకు తాకిడికి లోహంలో షాక్‌వేవ్ పుడుతుందని, అది లోపలికి ప్రయాణించి దెబ్బతీస్తుందని తేలింది. ఆ ప్రయోగాలు చేస్తుండగా ఒకాయన పొరపాటున లక్ష్యంగా పెట్టిన పలకను తాకాడట. అదే క్షణంలో దెబ్బ తగిలి ఒంట్లోంచి షాక్ కొట్టినట్టయిందట. అది కరెంటు కాదు, పీడనపు అల. అది మనిషి ఒంట్లోంచి పోతే ఏమవుతుందన్న ప్రశ్న అప్పుడు పుట్టిందంటారు. తరవాత ఆ పరిశోధనకు జర్మనీ రక్షణశాఖే డబ్బిచ్చింది.

ఇక్కడ కాస్త ఫిజిక్సు చెప్పక తప్పదు. మామూలు శబ్దంలో పీడనం మెల్లగా పెరిగి మెల్లగా తగ్గుతుంది. షాక్‌వేవ్‌లో అలా కాదు. కొన్ని నానోసెకన్లలోనే, అంటే సెకనులో వందకోట్లవ వంతు లెక్కల్లో, పీడనం మన చుట్టూ ఉన్న గాలి పీడనానికి కొన్ని వందల రెట్లు పెరిగిపోతుంది. మన కండ చాలావరకు నీరే కాబట్టి నీళ్ళలో పుట్టిన అల కండలోంచి పెద్దగా అడ్డు లేకుండా పోతుంది. రాయి తగిలినప్పుడు మాత్రం దాని శక్తి అక్కడ పనిచేస్తుంది. గాలి పొర తగిలితే మటుకు దాదాపు అంతా వెనక్కి తిరిగిపోతుంది. జెల్ రాసేది అందుకే, చర్మానికీ పరికరానికీ మధ్య గాలి లేకుండా. ఈ గాలి సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీనితో పని ఉంది.

దీర్ఘవృత్తానికి రెండు నాభులుంటాయని ఇంటర్లో చదువుకున్నాం. ఒక నాభి దగ్గర బయల్దేరిన అలలన్నీ గోడకు తగిలి రెండో నాభి దగ్గర కలుస్తాయి. డోర్నియర్ ఇంజినీర్లు, మ్యూనిక్ డాక్టర్లు కలిసి ఈ పాఠాన్నే వాడుకున్నారు. నీళ్ళ తొట్టిలో రోగిని ఉంచి, ఒక నాభి దగ్గర విద్యుత్ స్పార్క్ పుట్టించి, రెండో నాభి సరిగ్గా కిడ్నీలో రాయి మీద పడేట్టు చేశారు. 1980 ఫిబ్రవరి 7న మ్యూనిక్‌లో క్రిస్టియన్ చౌసీ బృందం మొదటి రోగికి ఈ చికిత్స చేసింది. 1984లో అమెరికా కూడా అనుమతించింది. అంతకుముందు పెద్ద రాళ్ళున్న చాలామందికి పొట్ట కోయడమే గతి. కత్తి పెట్టకుండా రాయిని పిండి చేయడమంటే సామాన్యమైన విషయం కాదు.

ఇందులో నన్ను ఆకట్టుకున్నది రుజువు. చికిత్సకు ముందు ఎక్స్‌రేలో రాయి ఉంది. తరవాత ముక్కలున్నాయి. ఆ ముక్కలు మూత్రంలో బయటికొచ్చాయి. రోగి నమ్మినా నమ్మకపోయినా రాయి పగిలింది. డాక్టరుకు మంచి పేరున్నా లేకపోయినా రాయి పగిలింది.

మరి ఈ అల మడమ దాకా ఎలా వచ్చింది? మధ్యలో ఎముక ఉంది. కిడ్నీకి పంపే అలలు పక్కనున్న కటి ఎముకకు హాని చేస్తాయేమోనని 1980లలో పరిశీలిస్తే, అక్కడ కొత్త ఎముక పెరిగే లక్షణాలు కనిపించాయి. 1991లో బల్గేరియా డాక్టర్లు వాల్చనోవ్, మిహాయిలోవ్ అతకని ఎముకల మీద దీన్ని ప్రయోగించి, 82 మందిలో 70 మందికి అతికాయని రాశారు. చికిత్స పొందని వాళ్ళతో పోలిక అందులో లేదు. ఆ తరవాత భుజం వచ్చింది. కొందరికి భుజం టెండన్‌లో, అంటే కండరాన్ని ఎముకకు కట్టిపడేసే తాడులో, సున్నం పేరుకుంటుంది. కిడ్నీలో రాయిని పగలగొట్టినట్టే ఇక్కడ సున్నాన్నీ పగలగొడదామన్నారు. ఆలోచన సబబుగానే ఉంది. అక్కణ్ణుంచి టెన్నిస్ ఎల్బోకి, అక్కణ్ణుంచి మడమకి వచ్చింది. మడమ ఎక్స్‌రేలో ముల్లు లాంటి ఎముక కనిపిస్తుంది కదా, దాన్ని పగలగొడుతుందని చాలామంది అనుకున్నారు. అది పగలదు. పైగా ఆ ముల్లు ఉండి కూడా ఏ నొప్పీ లేకుండా తిరిగేవాళ్ళు బోలెడుమంది. నొప్పి అసలు అరికాలి కింద మడమ నుంచి వేళ్ళ దాకా ఉండే గట్టి పట్టీది.

అంటే పగలగొట్టడానికి ఏమీ లేని చోటికి వచ్చేశాం. అప్పుడు వివరణ మారింది. నరాల చివరలు మొద్దుబారతాయని ఒక మాట, కొత్త రక్తనాళాలు పుడతాయని ఒక మాట. రెండోదానికి కుందేళ్ళ మీద తైవాన్‌లో చేసిన ప్రయోగాల ఆధారం ఉంది, కొట్టిపారేయలేం. కానీ ఒక సంగతి గమనించండి. రాయి దగ్గర సంపాదించుకున్న పరువు మొత్తం అల తనతోపాటు మడమకు తెచ్చుకుంది. రాయి దగ్గరున్న రుజువు మాత్రం అక్కడే ఉండిపోయింది. నొప్పికి ఎక్స్‌రే లేదు. తగ్గిందా అంటే రోగి నోటిమాటే సాక్ష్యం.

నోటిమాటను ఎలా పరీక్షించాలో మనకు రెండు వందల ఏళ్ళ క్రితమే తెలుసు. 1796లో అమెరికాలో ఎలిషా పెర్కిన్స్ అనే వైద్యుడు రెండు లోహపు కడ్డీలకు పేటెంటు తీసుకున్నాడు. వాటిని ఒంటిమీద రుద్దితే నొప్పులు లాగేస్తాయన్నాడు. ఇంగ్లాండులో కూడా జనం ఎగబడ్డారు. 1799లో బాత్ నగరంలో జాన్ హేగార్త్ అనే డాక్టరు ఒక చిన్న పని చేశాడు. చెక్క కడ్డీలు చేయించి, లోహంలా కనిపించేట్టు రంగు వేయించాడు. వాటితో కీళ్ళనొప్పులున్న ఐదుగురికి రుద్దితే నలుగురు హాయిగా ఉందన్నారు. మర్నాడు అసలు కడ్డీలతో రుద్దినా దాదాపు అదే ఫలితం. కడ్డీల వ్యాపారం గుట్టు రట్టయింది. ఆ రోగులు అబద్ధమాడారని కాదు, వాళ్ళకు నిజంగానే హాయిగా అనిపించింది. అదే హేగార్త్ పుస్తకం రాసి చెప్పిన విషయం.

షాక్‌వేవ్‌కు చెక్క కడ్డీ ఏది? గాలి. జర్మనీలో హాకే బృందం మడమ నొప్పి ఉన్న 272 మందిని లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేసింది. ఒక గుంపుకు అసలు అల. రెండో గుంపుకు అదే యంత్రం, అదే శబ్దం, కానీ మధ్యలో గాలి నింపిన ప్లాస్టిక్ పొర. అల వెనక్కి పోతుంది, రోగికి తెలియదు. 2003లో వచ్చిన ఫలితం: 12 వారాల తరవాత అసలు అల పొందినవాళ్ళలో 34 శాతం మందికి, గాలి పొర వాళ్ళలో 30 శాతం మందికి గుణం కనిపించింది. తేడా లేనట్టే. అంతకు ముందు ఏడాది ఆస్ట్రేలియాలో బుక్‌బైండర్ బృందం 166 మందితో చేసిన పరీక్షలోనూ రెండు గుంపులూ బాగుపడ్డాయి, దాదాపు సమానంగా. అమెరికా మాత్రం 2000లోనే మడమ నొప్పికి ఈ యంత్రాన్ని అనుమతించేసింది.

ఇక్కడితో ఆపేసి "అంతా మోసం" అంటే నాకు చప్పట్లు పడతాయి. కానీ అది నిజాయితీ కాదు. హాకే పరీక్షలో మడమకు మత్తు సూది ఇచ్చారు. మత్తిస్తే అల పని తగ్గిపోతుందని తరవాత కొందరు వాదించారు, దానికి కొంత ఆధారమూ చూపించారు. 2003లోనే భుజంలో సున్నం ఉన్న 144 మంది మీద గెర్డెస్‌మేయర్ బృందం చేసిన పరీక్షలో శక్తిమంతమైన అల ఉత్తుత్తి అల కన్నా స్పష్టంగా మెరుగనిపించుకుంది. 2008లో ఆయనే మడమ మీద చేసిన మరో పరీక్షలో అసలు గుంపులో 61 శాతం, ఉత్తుత్తి గుంపులో 42 శాతం మంది గట్టెక్కారు. పందెపు గుర్రాల కాళ్ళకు కూడా ఈ చికిత్స చేస్తారు. నొప్పి తెలియకుండా పరుగెత్తి గుర్రం కాలు విరగ్గొట్టుకుంటుందని, చికిత్స తరవాత కొన్ని రోజులు పరుగు పందెంలో దింపకూడదని అమెరికాలో నియమాలు పెట్టారు. గుర్రానికి యంత్రం మీద భక్తి ఉండదు కదా!

అన్ని పరీక్షలనూ కలిపి తూచే కోక్రేన్ సంస్థ తీర్పులూ చూశాను. 2005లో టెన్నిస్ ఎల్బో మీద 9 పరీక్షలు, వెయ్యి మందికి పైగా రోగులు: ఉపయోగం ఏమీ లేదు, ఉన్నా అతి స్వల్పం. 2020లో భుజం మీద 32 పరీక్షలు, 2281 మంది: చెప్పుకోదగ్గ మేలు పెద్దగా లేదు, సున్నం ఉన్నా లేకపోయినా. కాబట్టి "షాక్‌వేవ్ పనిచేస్తుందా?" అన్న ప్రశ్నే తప్పు. ఏ జబ్బుకు, ఎంత శక్తితో, దేనితో పోలిస్తే అని అడగాలి. మోచేతికి దాదాపు లేదు. మడమకు కొంత ఉండొచ్చు, ప్రచారంలో చెప్పినంత కాదు.

ఇంకో రెండు విషయాలు నన్ను బాగా కదిలించాయి. మొదటిది నా మడమకు పెట్టిన యంత్రం గురించి. అందులో స్పార్కూ లేదు, దీర్ఘవృత్తమూ లేదు. గాలి ఒత్తిడితో ఒక చిన్న లోహపు గుండు లోపల దూసుకొచ్చి పరికరం మూతిని కొడుతుంది. ఆ దెబ్బే మనకు తగిలేది. పీడనం నానోసెకన్లలో కాదు, మైక్రోసెకన్లలో పెరుగుతుంది. శక్తి ఒక బిందువు దగ్గర చేరదు, చర్మం దగ్గర ఎక్కువగా ఉండి లోపలికి పోయేకొద్దీ తగ్గిపోతుంది. ఫిజిక్సు లెక్కన అది షాక్‌వేవే కాదు. దానివల్ల మేలు లేదని కాదు, గెర్డెస్‌మేయర్ 2008లో వాడింది ఈ రకమే. కానీ ఫిజిక్సు మాస్టారినై ఉండి, ఆ గుండు చప్పుడు వింటూ కూడా, ఇదేమిటని అడగలేదు.

రెండోది 2007లో జర్మనీలో రాంపే బృందం మడమ వెనకాల ఉండే అకిలిస్ టెండన్ మీద చేసిన పరీక్ష. 25 మంది చొప్పున మూడు గుంపులు. మెట్టు అంచున మునివేళ్ళ మీద నిలబడి మడమను మెల్లగా కిందికి దించే వ్యాయామం చేసినవాళ్ళలో 60 శాతం మంది నాలుగు నెలల్లో బాగుపడ్డారు. షాక్‌వేవ్ గుంపులో 52 శాతం. ఊరికే వేచి చూసిన గుంపులో 24 శాతం. మెట్టుకు డబ్బు కట్టక్కర్లేదు. దాని గురించి బోర్డు పెట్టేవాడూ ఉండడు.

ఆ 24 శాతమే మా అక్క ప్రశ్నకు జవాబు. ఏమీ చేయకపోయినా నలుగురిలో ఒకరు బాగుపడ్డారు. పైగా మనం డాక్టరు దగ్గరికైనా, తాడు కట్టేవాడి దగ్గరికైనా వెళ్ళేది నొప్పి పతాకస్థాయికి చేరినప్పుడే. శిఖరం ఎక్కాక దారి దిగువకే కదా. ఆ దిగే దారిలో ఎవరు చెయ్యి పట్టుకుంటే ఘనత వాళ్ళది. నా మడమ అలవల్ల తగ్గిందా, ఎనిమిది నెలల కాలంవల్ల తగ్గిందా అన్నది నేను ఎప్పటికీ తేల్చలేను. నాకు ఇంకో మడమ, ఇంకో జీవితం లేవు పోల్చడానికి. అందుకే ఒక్కరి అనుభవం రుజువు కాదంటాం. ఆ ఒక్కరూ మనమే అయినప్పుడు ఆ మాట గుర్తుండడం కష్టం.

తాడుకూ అలకూ తేడా లేదా మరి? ఉంది. గాలి పొర పెట్టి పరీక్షించడానికి అల వైద్యులే ముందుకొచ్చారు. ఓడిన పరీక్షలనూ అచ్చువేశారు. తాడు కట్టేవాడు ఆ పని చేసినట్టు నేనెక్కడా వినలేదు. అయితే ఆ తేడా పత్రికల్లో ఉంది గానీ, నేను డబ్బు కట్టి పడుకున్న గదిలో లేదు. అక్కడ నేనూ మా అక్కలాగే నమ్మి పడుకున్నాను.

మొన్న ఆవిడకు ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. నువ్వన్నదే నిజం కావచ్చు అక్కా అన్నాను. "అయితే ఆ తాడు గురించి నువ్వన్నదీ నిజమే అయ్యుంటుందిరా" అంది. ఇన్నేళ్ళుగా నా ఉపన్యాసాలు సాధించలేనిది, నా తప్పు ఒప్పుకోవడం సాధించింది.