కంథకు కావలసిన పనిముట్లు

మన యిండ్లలో బొంత యనునది పాతచీరల చివరి మజిలీ. చంటిబిడ్డ క్రింద పరతుము, చలికాలమున కప్పుకొందుము, అదియు చినిగినచో పారవేయుదుము. దీనికే సంస్కృతమున కంథ యని పేరు. ఆ పేరుతోనే వంగదేశమున ఈ బొంత యొక గొప్ప కళగా పెరిగినది. దానికి కావలసిన సామగ్రి యెంత స్వల్పమో, ఆ సామగ్రియే కళ స్వరూపము నెట్లు తీర్చినదో శ్రోతలకు మనవి చేయదలచినాము.

మొదటిది గుడ్డ. ఏండ్ల తరబడి ఉతుకగా మెత్తబడిన నూలుచీరలు, ధోవతులు ఇందుకు శ్రేష్ఠములు. పలుచని కంథకు రెండు మూడు పొరలు చాలును. చలికి కప్పుకొను దానికి అంతకంటె హెచ్చు కావలెను. క్రొత్తగుడ్డ బిరుసుగా నుండును. మెత్తని గుడ్డలో సూది సులువుగా దిగును; పొరలన్నిటిని ఒక్కసారిగా గ్రుచ్చవలసిన చేతికి అది గొప్ప ఉపకారము.

రెండవది దారము. పూర్వము దీనికై ఆ స్త్రీలు బజారునకు పోలేదు. చీర అంచులనుండి పోగులను లాగి వాడుకొనుచుండిరి. అంచులలో తరచుగా నుండెడి రంగులు ఎరుపు, నీలము, నలుపు. కావుననే పాత కంథలపై పద్మములు, ఏనుగులు, రథములు ఆ రంగులలోనే ఎక్కువగా కనిపించును. బొమ్మ కుట్టిన యామెది. రంగు చీర నేసిన వానిది.

మూడవది సూది. దానితోపాటు చట్రమేదియు అక్కరలేదు. పొరలను నేలపై పరచి, ముడుతలు సాపుచేసి, అంచులపై బరువులుంచి, కదలకుండ ముండ్లు గ్రుచ్చుచుండిరి. పిమ్మట దూరదూరముగా కచ్చాకుట్టు వేసి, అటుపై సన్నని పరుగుకుట్టుతో బొమ్మలను, వాని నడుమ ఖాళీలను నింపుచుండిరి. దారము బిగిసిన కొలది గుడ్డపై చిన్నచిన్న అలలు లేచును. మంచి కంథకు అదియే గురుతు.

ఇట్టి పనిని ఇంటిపనిగా మాత్రమే ఎంచు కాలమున, ఐ.సి.ఎస్. ఉద్యోగియైన గురుసదయ్ దత్తు (1882–1941) వంగదేశపు పల్లెలు తిరిగి వీనిని సేకరించెను. స్టెల్లా క్రామ్రిష్ 1939లో కంథలపై ఒక వ్యాసము ప్రకటించెను. దత్తు సేకరణ కలకత్తా చెంత జోకాలోని మ్యూజియమునకు చేరినది. అందలి యొక కంథపై మానదాసుందరి దాసి యను స్త్రీ, తన తండ్రికై తన చేతులతో దీనిని కుట్టితినని అక్షరములు కుట్టినది.

నేడు క్రొత్త పట్టుగుడ్డపై, అంగడి దారముతో కంథ కుట్టు చీరలు తయారగుచున్నవి. పశ్చిమ బెంగాలు నక్షీ కంథకు 2008లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఎందరో స్త్రీలకు ఇది జీవనాధారము, సంతోషింపదగిన విషయమే. కాని చిరిగిన దానిని నిలుపుకొనుటకై పుట్టిన పని యిది. ఆ మూలమును మరువరాదు.

నేర్వగోరువారికి రెండు పాత నూలుచీరలు, రెండు సూదులు, కత్తెర, వ్రేలికి అంగుస్తాను చాలును. మొదట పిల్లల బొంతయంత చిన్నది కుట్టుట మేలు. పని ముగిసిన పిదప ఒక మూలను తమ పేరు, సంవత్సరము కూడ కుట్టవలెనని మా మనవి. మన యిండ్లలో బొంతలు కుట్టిన అవ్వలెందరో పేరు మిగులకయే గడచిపోయిరి. మానదాసుందరి ఆ నాలుగు మాటలు కుట్టి యుండనిచో, ఆమె యొకతె యుండెనని నేడు మన మెరుగము.