బ్రూక్లిన్ విడిచిన డాడ్జర్లు

1898వ సంవత్సరము జనవరి 1వ తేదీ వరకు బ్రూక్లిన్ ఒక స్వతంత్ర నగరము. ఆ దినమున అది న్యూయార్కు మహానగరములో విలీనమై, దాని ఐదు విభాగములలో ఒకటిగా మిగిలెను. నదికి ఆవలి ఒడ్డుననున్న మన్‌హాటన్‌లో ధనము, నాటకశాలలు, పెద్ద పత్రికలు, వానితోపాటు కొంత అహంకారమును ఉండెను. బ్రూక్లిన్‌లో ఓడరేవు కార్మికులు, చిరువర్తకులు, ఐరోపా నుండి వలసవచ్చిన ఇటాలియనులు, యూదులు, ఐరిషువారు, దక్షిణ రాష్ట్రముల నుండి వచ్చిన నల్లజాతివారు నివసించుచుండిరి. ఇంతమందికి ఉమ్మడియైనది ఒక బేస్‌బాల్ జట్టు. 'బ్రూక్లిన్ ఈగిల్' అను దినపత్రిక 1955లో మూతపడిన పిమ్మట, ఆ ఊరి పేరును దేశమంతట మోసికొని తిరుగుచున్నది ఆ జట్టు ఒక్కటే యనవచ్చును. అదియే డాడ్జర్ల జట్టు. అది 1957లో ఊరు విడిచిపోయిన వృత్తాంతము అమెరికా క్రీడాచరిత్రలో ఎడతెగని వివాదములలో ఒకటి.

బేస్‌బాల్ క్రికెట్టునకు దాయాది వంటిది. బంతిని నేలకు తగులకుండ విసరుదురు. బ్యాటు గుండ్రముగా ఉండును. కొట్టినవాడు నాలుగు స్థానములను చుట్టివచ్చినచో ఒక పరుగు. బంతి సరిహద్దు గోడను దాటిపడినచో దానిని హోమ్‌రన్ అందురు. వృత్తి జట్లు రెండు లీగులుగా ఏర్పడి వేసవి పొడవునను ఆడును. పిదప రెండు లీగుల విజేతలు తలపడును. ఆ తుదిపోటీకి వరల్డ్ సిరీస్ అని పేరు. ఆ కాలమున అందలి జట్లన్నియు అమెరికా సంయుక్త రాష్ట్రములలోనివే యైనను, ప్రపంచమను పేరు పెట్టుకొనుటకు వారు సంకోచింపలేదు.

డాడ్జర్లనగా తప్పించుకొనువారు. వీధులలో ట్రాముబండ్ల క్రింద పడకుండ తప్పుకొనుచు నడచు బ్రూక్లిన్ జనులకు వచ్చిన ఎగతాళి పేరే జట్టునకు సంక్రమించినది. 1913లో తెరచిన ఎబెట్స్ ఫీల్డు వారి ఆటస్థలము. అది సుమారు 32,000 మంది మాత్రమే పట్టు ప్రాంగణము. ఆటగాడు ముఖము చిట్లించినచో మొదటి వరుసలోనివారికి కనబడును. వారు తిట్టినచో అతనికి వినబడును. హిల్డా చెస్టర్ అను ఆమె ఆవు మెడలో కట్టు గంటను తెచ్చి ఆట జరుగునంతసేపు మ్రోగించుచుండెడిది. శ్రుతి కుదరని ఒక వాద్యబృందము, అంపైర్లు మైదానమున ప్రవేశించునప్పుడు గ్రుడ్డి ఎలుకలను గూర్చిన పిల్లల పాటను వాయించెడిది. జట్టు ఓడినప్పుడు అభిమానులే దానిని 'బమ్స్', అనగా పనికిమాలినవారు, అని పిలిచెడివారు. విల్లర్డ్ మల్లిన్ అను వ్యంగ్యచిత్రకారుడు ఆ జట్టును చినిగిన కోటు, మాసిన గడ్డము గల దేశదిమ్మరిగా చిత్రింపగా, బ్రూక్లిన్ వారు కోపగించుటకు మారుగా ఆ బొమ్మను తమదిగా చేసికొనిరి. తమవారిని తాము తిట్టుకొనవచ్చును. మన్‌హాటన్ వారు మాత్రము తిట్టరాదు.

ఈ జట్టు ఒక మహత్కార్యమునకు వేదిక యైనది. నల్లజాతి ఆటగాండ్రను పెద్ద లీగులలో చేర్చుకొనరాదను కట్టుబాటు, ఏ కాగితముమీదను లేకయే, సుమారు ఆరు దశాబ్దములు చెల్లుబాటగుచుండెను. జట్టు నిర్వాహకుడు బ్రాంచ్ రికీ దానిని ధిక్కరించి 1947 ఏప్రిల్ 15వ తేదీన జాకీ రాబిన్‌సన్‌ను మైదానమున దింపెను. రాబిన్‌సన్‌తో కలిసి ఆడజాలమని జట్టులోనే కొందరు అర్జీ సిద్ధపరచిరి. ఇతర నగరములలో అతడు విన్న దుర్భాషలు ఇచట వ్రాయదగినవి కావు. ఆ సంవత్సరాంతమున అతడే ఉత్తమ నూతన క్రీడాకారుడుగా ఎన్నికయ్యెను. ఎబెట్స్ ఫీల్డులో తెల్లవారును నల్లవారును ప్రక్కప్రక్కన కూర్చుండి ఒకే పేరును కేకలు వేసినది ఆ దినములలోనే.

మన్‌హాటన్‌లోని జెయింట్లు వారి వైరులు. రెండు జట్లును నేషనల్ లీగులోనివే యగుటచేత ఏటా 22 మారులు తలపడెడివి. 1951 ఆగస్టు మధ్యలో డాడ్జర్లు జెయింట్లకంటె పదమూడు ఆటలకు పైగా ముందుండిరి. అట్టి ఆధిక్యము కరగిపోయి, ఋతువు ముగియునప్పటికి రెండు జట్లును సమానమయ్యెను. మూడు ఆటల నిర్ణాయక పోటీలో చెరియొకటి గెలిచిరి. అక్టోబరు 3న జరిగిన మూడవదానిలో, చివరి ఇన్నింగ్సున జెయింట్ల వంతు వచ్చునప్పటికి డాడ్జర్లు 4-1 ఆధిక్యములో ఉండిరి. రాల్ఫ్ బ్రాంకా విసరిన బంతిని బాబీ థామ్సన్ గోడ దాటించి మూడు పరుగులు సాధింపగా జెయింట్లు 5-4తో నెగ్గిరి. బ్రాంకాకు ఆ ఒక్క బంతి జీవితాంతము వదలని నిందయైనది.

అర్ధశతాబ్దము గడచిన పిమ్మట, 2001లో, మరియొక సంగతి బయల్పడెను. ఆ ఏడు జెయింట్లు తమ మైదానపు చివరనున్న గదిలో దూరదర్శిని నుంచి, ప్రత్యర్థుల సంకేతములను గ్రహించి, విద్యుద్ఘంట ద్వారా తమవారికి అందజేయుచుండిరని పాత ఆటగాండ్రే అంగీకరించిరి. ఆ బంతికి మాత్రము తనకు ముందుగా సంకేతము అందలేదని థామ్సన్ 2010లో మరణించువరకు చెప్పుచుండెను. బ్రాంకా ఈ రహస్యమును 1950లలోనే విని, ఓడినవాడు సాకు చెప్పుచున్నాడందురేమోనని, నోరు మెదపలేదు. విజేతలకంటె ఇతని మౌనమే గొప్పదిగా తోచును.

వరల్డ్ సిరీస్‌లో 1941, 1947, 1949, 1952, 1953లలో డాడ్జర్లు న్యూయార్కుకే చెందిన యాంకీల చేతిలో ఓడిరి. 'వచ్చే ఏడు చూతము' అనునది బ్రూక్లిన్ వారి ఊతపదమైనది. ఆ వచ్చే ఏడు 1955 అక్టోబరు 4న వచ్చినది. ఏడవ ఆటలో జానీ పొడ్రెస్ ప్రత్యర్థులకు ఒక్క పరుగైన ఈయక 2-0తో గెలిపించెను. ఊరంతయు వీధులలోనికి వచ్చెను. అప్పటికే యజమాని వాల్టర్ ఓ'మాలీ వేరు లెక్కలు వేయుచుండెను.

ఇచట చట్టమును గూర్చి కొంత చెప్పవలెను. బేస్‌బాల్ పోటీలు రాష్ట్రాంతర వాణిజ్యము కావని అమెరికా సుప్రీంకోర్టు 1922లో తీర్పు చెప్పినది. అందుచేత గుత్తాధిపత్య నిరోధక శాసనములు ఆ వ్యాపారమునకు వర్తింపలేదు. 1953లో కోర్టు ఆ స్థితినే కొనసాగించెను. ఆటగాడు తనంతట జట్టు మారజాలడు. 1975 డిసెంబరులో మధ్యవర్తి తీర్పు వచ్చువరకు ఆ బంధము వీడలేదు. జట్టు యజమాని మాత్రము తోటి యజమానులను ఒప్పించినచో ఊరే మార్చవచ్చును. 1953లో బోస్టన్ నుండి మిల్వాకీకి తరలిన బ్రేవ్స్ జట్టునకు జనము విరుగబడి వచ్చుట ఓ'మాలీ గమనించెను. ఎబెట్స్ ఫీల్డు శిథిలమగుచుండెను. అచట 700 కార్లు నిలుపుటకైన తావు కష్టము. అభిమానులలో పలువురు శివారులకు తరలిపోవుచుండిరి. అయినను జట్టు నష్టములో లేదన్నది మరువరాదు.

తన సొమ్ముతో క్రొత్త స్టేడియము కట్టెదననియు, బ్రూక్లిన్‌లోనే అట్లాంటిక్, ఫ్లాట్‌బుష్ వీధులు కలియుచోట స్థలమును నగరము సేకరించి తనకు విక్రయింపవలెననియు అతడు కోరెను. 1949 నాటి గృహవసతి శాసనము క్రింద మురికివాడల నిర్మూలనకు కల్పించిన అధికారము అందులకు చాలునని అతని వాదము. ఆ అధికారము రాబర్ట్ మోజెస్ చేతిలో ఉండెను. ఏ ఎన్నికలోను నెగ్గకయే అనేక పదవులను ఏకకాలమున నిర్వహించిన ఆ అధికారి, ప్రైవేటు స్టేడియము ప్రజాప్రయోజనము కాదని నిరాకరించి, క్వీన్స్ విభాగములో స్థలము చూపెను. బ్రూక్లిన్ కానిచోట బ్రూక్లిన్ డాడ్జర్లేమని ఓ'మాలీ త్రోసివేసెను. చిరకాలము ప్రజలు ఓ'మాలీనే దూషించిరి. 1980ల తరువాతి పరిశోధకులు పలువురు దోషమును మోజెస్ వైపు మరల్చిరి. మోజెస్ వాదము శాసనరీత్యా సరియైనదే. కాని లాస్ ఏంజెలెస్ చూపిన లాభము ముందున్నప్పుడు ఓ'మాలీ ఎంత ఓపికతో బేరమాడెనన్నది సందేహమే.

1957 సెప్టెంబరు 24న ఎబెట్స్ ఫీల్డులో ఆఖరి ఆట. వచ్చినవారు 6,702 మంది. అక్టోబరు 8న ప్రకటన వెలువడెను. జెయింట్లును అదే ఏడు శాన్‌ఫ్రాన్సిస్కోకు తరలిరి. వైరము సైతము వెంట వెళ్లినది. 1960 ఫిబ్రవరిలో, బేస్‌బాల్ వలె రంగువేసిన ఇనుప గుండుతో ఎబెట్స్ ఫీల్డును కూల్చనారంభించిరి. అచట నివాసగృహములు లేచినవి. 1962లో న్యూయార్కున పుట్టిన మెట్స్ జట్టు, డాడ్జర్ల నీలమును జెయింట్ల నారింజరంగును కలిపి ధరించినది.

బ్రూక్లిన్ దుఃఖము పుస్తకములకెక్కినది. లాస్ ఏంజెలెస్‌లో జరిగినది చాలకాలము ఎవరికిని పట్టలేదు. చావెజ్ రవీన్ అను కొండలోయలో పాలో వెర్డే, లా లోమా, బిషప్ అను మూడు పల్లెల వంటి వాడలలో వేయికి పైగా మెక్సికన్ అమెరికన్ కుటుంబములు ఉండెడివి. 1950లో ప్రభుత్వ గృహనిర్మాణము కొరకు స్థలము ఖాళీ చేయవలెనని వారికి ఉత్తరువులు వచ్చినవి. క్రొత్త యిండ్లలో మొదటి హక్కు వారిదేయని హామీ. దానికి ఆధారము బ్రూక్లిన్‌లో ఓ'మాలీ చూపిన ఆ 1949 శాసనమే. ఇంతలో ప్రభుత్వ గృహములు కమ్యూనిజమను ప్రచారము లేచినది. ఆ పథకమును నడపుచున్న అధికారి ఒకరు 1952లో ఉద్యోగము కోల్పోయెను. 1953లో ఎన్నికైన క్రొత్త మేయరు పథకమును రద్దుచేయించెను. ప్రజాప్రయోజనమునకే వినియోగింపవలెనను షరతుతో ఆ భూమి తక్కువ వెలకు నగరమునకు దక్కెను. భూసేకరణ దస్త్రములతో పరిచయమున్న పాఠకులకు ఆ మాట ఎంత సాగునో తెలియనిది కాదు. 1958 జూన్‌లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో స్వల్ప ఆధిక్యముతో ఆ స్థలము డాడ్జర్లకు ఖాయమయ్యెను.

1959 మే 7న, కారు ప్రమాదమున పక్షవాతము పాలైన బ్రూక్లిన్ క్యాచరు రాయ్ కాంపనెల్లా గౌరవార్థము లాస్ ఏంజెలెస్‌లో జరిగిన ఆటకు 93,103 మంది వచ్చి, దీపములార్పి, అగ్గిపుల్లలు వెలిగించిరి. మరునాడు, మే 8న, చావెజ్ రవీన్‌లో కదలక మిగిలిన ఒక కుటుంబపు స్త్రీని పోలీసులు కాళ్లు చేతులు పట్టి ఇంటినుండి మోసికొనిపోవుట టెలివిజనులో జనులు చూచిరి. 1962 ఏప్రిల్ 10న ఆ నేలమీద 56,000 మంది పట్టు డాడ్జర్ స్టేడియము తెరచిరి.

ఆ భూములు సేకరింపబడిన విధమును పరిశీలించి పరిహారమును సూచించుటకు ఒక సంఘమును ఏర్పరచు బిల్లు 2024లో కాలిఫోర్నియా శాసనసభలో నెగ్గెను. గవర్నరు దానికి సమ్మతి నీయలేదు.