గాజుతొట్టిలో పాచి - తండ్రీకొడుకులు నేర్పిన పాఠము

పాఠశాల ప్రయోగశాలలో గాజుతొట్టి అమర్చి, అడుగున ఇసుక పోసి, నీటిమొక్కలు నాటి, రెండు చేపలను వదలిన ఉపాధ్యాయునకు తరచుగా ఆశాభంగము కలుగును. రెండు మూడు వారములలో గాజునకు పచ్చని జిగట పాచి పట్టును. ఆకులకు దారములవంటి నాచు వ్రేలాడును. మొక్కలున్నను నీరేల చెడినదని విద్యార్థులు అడుగుదురు. ఈ ప్రశ్న క్రొత్తది కాదు. గాజుతొట్టికి శాస్త్రీయమైన పునాది వేసిన ప్రయోగములోనే ఇది తలయెత్తినది.

మొక్కలు చెడిన గాలిని బాగుచేయునని ప్రీస్ట్‌లీ 1771లో కనుగొనెను. ఆ పని ఆకుపచ్చని భాగములు సూర్యకాంతిలో మాత్రమే చేయునని ఇంగెన్‌హౌజ్ 1779లో నిరూపించెను. నీటిలోను ఇట్లే జరుగునా? లండనులోని రసాయన శాస్త్రజ్ఞుడు రాబర్టు వారింగ్టన్ 1849లో దీనిని పరీక్షింపబూనెను. సుమారు పన్నెండు గేలన్లు పట్టు గాజుపాత్రలో సగము వరకు ఊటనీరు పోసి, అడుగున ఇసుక, బురద, రాళ్లు వేసి, వాలిస్నేరియా అను నీటిమొక్కను నాటి, రెండు బంగారు చేపలను వదలెను. లండను మసి పడకుండ పైన పలుచని మస్లిను గుడ్డ కప్పెను.

మొదట అంతయు సవ్యముగా సాగెను. తరువాత ముదురాకులు క్రుళ్లి నీరు కలకబారెను. నీటిపైనను గాజుమీదను పచ్చని పాచి వ్యాపించెను. ప్రయోగము విఫలమగునట్లు కనిపించెను. చెరువులో క్రుళ్లిన ఆకులను ఎవరు తినుచున్నారని వారింగ్టన్ ఆలోచించి, అయిదారు నీటినత్తలను తెచ్చి వదలెను. అవి క్రుళ్లిన ఆకులను, పాచిని తినివేయగా నీరు మరల తేటపడెను. నత్తల గ్రుడ్లు చేపలకు ఆహారమయ్యెను. ఈ ఫలితములను ఆయన 1850లో లండను రసాయన సంఘమునకు నివేదించెను. మూడేండ్లకు, 1853లో, లండను జంతుప్రదర్శనశాలలో ప్రజలు చూచుటకు చేపల గృహము తెరవబడినది.

అయితే నత్తలు తినిన దంతయు ఏమగును? వాటి మలమునుండియు, చేపల మలమునుండియు అమ్మోనియా పుట్టును. అది చేపలకు విషము. ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటలో వారింగ్టన్ కుమారునకే గొప్ప పాలు కలదు. ఆయన పేరును రాబర్టు వారింగ్టనే. అమ్మోనియా నైట్రేటుగా మారుట జీవులవలననే జరుగునని 1877లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు ష్లోసింగ్, ముంట్జ్ తెలిపిరి. రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనాలయములో కుమార వారింగ్టన్ ఆ మార్పును శోధించి, అది రెండు మెట్లలో, రెండు వేర్వేరు సూక్ష్మజీవులచే జరుగునని చూపెను: అమ్మోనియా మొదట నైట్రైటగును, నైట్రైటు తరువాత నైట్రేటగును. ఆయన శోధించినది నేలను. కాని గాజుతొట్టిలోని ఇసుకలోను ఇదే జరుగును. తండ్రి కంటికి కనబడు నత్తను తెచ్చెను. కొడుకు కంటికి కనబడని పనివాండ్రను గుర్తించెను.

క్రొత్త తొట్టిలో పాచి ఏల పెరుగునో ఇప్పుడు తెలియును. నాటిన మొక్కలు ఇంకను వేరూనలేదు. పాత ఆకులు కొన్ని రాలి క్రుళ్లును. సూక్ష్మజీవులు స్థిరపడుటకు కొన్ని వారములు పట్టును. అందువలన నీటిలోని పోషక పదార్థములను తినువారు తక్కువ. పాచికి వేళ్లు అక్కరలేదు. వెలుతురున్నచో ఒడలంతటితోను వాటిని పీల్చుకొని పెరుగును.

కావున మొదట మొక్కలను దట్టముగా నాటి, చేపలను కొన్ని వారములు ఆగి వదలవలెను. హైడ్రిల్లావంటి త్వరగా పెరుగు మొక్కలు మేలు. తొట్టిని ఎండ తగులు కిటికీ చెంత ఉంచరాదు. దీపపు వెలుతురు దినమునకు ఆరు మొదలు ఎనిమిది గంటలు చాలును. క్రుళ్లిన ఆకులను తీసివేయుచు, వారమునకొకసారి నాలుగవవంతు నీరు మార్చవలెను. మేత కొద్దిగా వేయవలెను. పాచిని చంపుటకు మైలుతుత్తము వేయరాదు. అది నత్తలనుకూడ చంపును.

ఉపాధ్యాయులు రెండు సీసాలలో ఒకే చెరువునీరు, ఒకే మొక్క ఉంచి, ఒకదానిలో మాత్రము నత్తలను వదలి, విద్యార్థులచే నెలదినములు ప్రతిదినము గమనికలు వ్రాయింపవచ్చును. వారింగ్టన్ 1849లో చూచిన దానిని వారు తమ కన్నులతోనే చూడగలరు.