పొడుగు మాటల పుట్టుక

ప్రపంచంలో పొడవైన పదమేదంటే చాలామంది ఇంగ్లీషు నిఘంటువుల్లోని ఊపిరితిత్తుల జబ్బు పేరే చెబుతారు. 45 అక్షరాల ఆ మాటను 1935లో అమెరికా పజిల్ సంఘం అధ్యక్షుడు ఎవరెట్ స్మిత్ పొడవు కోసమే అల్లాడు. ముక్కలు మాత్రం గ్రీకు, లాటిన్‌ల నుంచి తెచ్చినవి. అంతకు నాలుగు వందల ఏళ్ల ముందే, అచ్యుతదేవరాయల (1529–1542) కాలపు కవయిత్రి తిరుమలాంబ వరదాంబికాపరిణయ చంపువులో కంచి ప్రాంతాన్ని వర్ణిస్తూ ఒకే సంస్కృత సమాసాన్ని 195 అక్షరాల దాకా నడిపించింది. రోమన్ లిపిలో అదే 428 అవుతుంది. గిన్నిస్ పుస్తకం దాన్ని గుర్తించింది. లిపి మారితే అంకె మారే ఈ పోటీలో విజేత ఎవరన్నది పెద్ద విషయం కాదు. రెండు పదాలూ మాట్లాడేవారి అవసరంలోంచి కాక, రాసేవారి సరదాలోంచో ప్రతిభలోంచో పుట్టాయన్నదే గమనించాల్సింది.

తెలుగు కూడా అరువు సరుకుతోనే పొడవు సాధించింది. నన్నయ నాటికే సంస్కృత సమాసం తెలుగు విభక్తిని తగిలించుకుని మన వాక్యంలో కుదురుకుంది. మనుచరిత్రలో ప్రవరుడు చూసిన హిమాలయాన్ని వర్ణించడానికి పెద్దన దీర్ఘసమాసమే ఎంచుకున్నాడు; ఊపిరి తిప్పుకోనివ్వని ఆ నడక కొండకు తగినదే. 1858 నాటి బాలవ్యాకరణంలో చిన్నయసూరి సమాసాలకు ఒక పరిచ్ఛేదమే కేటాయించాడు. సంస్కృతపు మాటకూ తెలుగు మాటకూ ఇష్టమొచ్చినట్టు ముడివేస్తే పండితులు వైరిసమాసమని కొట్టిపారేశారు. అంటే ఎంత పొడుగైనా పెంచుకోవచ్చు, కులం మాత్రం కలవకూడదు! తర్వాత గిడుగు రామమూర్తి వాడుకభాషా ఉద్యమం ఈ అధికారాన్ని సడలించింది. అయినా పాత ఛందస్సును ధిక్కరించిన శ్రీశ్రీ సమాసాన్ని వదల్లేదు. ‘మహాప్రస్థానం’ చదివినవారికి ఆ సంగతి తెలుసు. కాబట్టి దీర్ఘసమాసం ఒట్టి పాండిత్య డంబమన్న విమర్శ సగమే నిజం.

సమాసం పదమే కాదు, విభక్తులు రాల్చుకున్న వాక్యమని మరో ఆక్షేపణ. అర్థంలో అది వాక్యమే కావచ్చు. కానీ విభక్తి చివర ఒక్కసారే వస్తుంది. వ్యాకరణం దాన్ని ఒకే పదంగా లెక్కిస్తుంది. ఈ చర్చలో మరుగున పడిపోయేది మన క్రియాపదం. ‘చేయించుకోలేకపోయినందువల్లనే’ అన్న మాటను బడి మొహం చూడనివారూ తడుముకోకుండా అంటారు. ఇది అచ్చులో కలిపి రాయడం వల్ల వచ్చిన పొడవేనా? కాదు, చేయించడంలోని ‘ఇంచు’, చివరి ‘ఏ’ విడిగా నిలబడగలిగే మాటలు కావు. అరువు తెచ్చుకోని పొడవు ఇదే.

పేర్ల తీరు దీనికి భిన్నం. అరక్కోణం–రేణిగుంట మార్గంలోని వెంకటనరసింహరాజువారిపేట స్టేషను పేరు తెలుగులో 13 అక్షరాలు, ఇంగ్లీషులో 28. విడదీయకుండా రాసే స్టేషను పేర్లలో దేశంలోకెల్లా పొడవైనదని దానికి ప్రసిద్ధి. బోర్డు మీద ఎంత పొడవైనా చెల్లుతుంది, నోటిలో చెల్లదు. నర్సీపట్నం ప్రాంతంలో, 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దాడి చేసిన ఠాణాల్లో ఒకటైన కృష్ణదేవిపేట ఉంది. అంత పొడవేమీ లేని ఆ పేరును కూడా జనం కె.డి.పేట చేసేశారు.