బ్రౌను: ఒక ఆంగ్ల గృహనామ చరిత్రము

తెలుగువారికి బ్రౌను అను పేరు పరాయిది కాదు. తాళపత్రములయందు చెదలపాలగుచున్న మన గ్రంథములను సేకరించి, వేమన పద్యములను 1829లో ముద్రింపించి, 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును వెలయించిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొరగారిని మనము నేటికిని కృతజ్ఞతతో స్మరించుచున్నాము. ఆ మహనీయుని పేరు చివర నిలిచిన చిన్న మాటకు వేయేండ్ల చరిత్ర కలదు. ఇంటిపేరు వంశమును చెప్పునా, లేక మఱేమైనను చెప్పునా అను ప్రశ్నకు ఆ చరిత్ర చక్కని సమాధానమొసగును.

ఇంటిపేరును మనము పేరునకు ముందు నిలుపుదుము. ఆంగ్లేయులు తుదను నిలుపుదురు. వారి గృహనామములు ప్రధానముగా నాలుగు విధములు. నివాసస్థలమును బట్టి వచ్చినవి కొన్ని. తండ్రి పేరిట వచ్చినవి కొన్ని. జాను కొడుకు జాన్సను. వృత్తిని బట్టి వచ్చినవి కొన్ని. కమ్మరి స్మిత్తు, రొట్టెలు కాల్చువాడు బేకరు. రూపమునో స్వభావమునో చూచి పదిమందియు పెట్టిన మారుపేర్లు తక్కినవి. బ్రౌను ఈ నాలుగవ తెగకు చెందినది. ప్రాచీనాంగ్లమున 'బ్రూన్' అనగా గోధుమవన్నె. జుట్టో, మేనిచాయయో, కట్టిన బట్టయో ఆ రంగున ఉన్నవానిని ఇరుగుపొరుగువారు అట్లు పిలిచిరి. మనలో ఎఱ్ఱయ్య, నల్లయ్య ఉన్నట్లే వారిలో బ్రూన్ అనునది పెట్టుపేరుగను ఉండెను. 1066లో ఇంగ్లండును జయించిన నార్మనుల ఫ్రెంచి భాషలోను ఇట్టి మాటయే, ఇదే అర్థములో కలదు. విజేతలకును విజితులకును ఒకే మాట సరిపోయినది. 1086లో మొదటి విలియము చేయించిన భూముల లెక్కయగు డూమ్స్‌డే గ్రంథమున ఈ పేరు గలవారు కానవచ్చుచున్నారు.

అయితే నాటికి అది ప్రజలలో ఇంటిపేరుగా స్థిరపడలేదు. మనిషితో వచ్చి మనిషితో పోవు పిలుపు మాత్రమే. గోధుమవన్నె జుట్టు గల తండ్రికి నల్లజుట్టు కొడుకు పుట్టినచో వాని పిలుపు వేరు. ఆ నల్లజుట్టువాడును బ్రౌనే అయిననాడు మారుపేరు ఇంటిపేరైనది. ఈ మార్పు 12వ శతాబ్దము మొదలు 14వ శతాబ్దము వఱకు మెల్లమెల్లగా జరిగెను. తండ్రి భూమి తనదని నిరూపింపవలసిన కొడుకునకు తండ్రి పేరే ఆధారము. పన్ను వసూలు చేయు ప్రభుత్వమునకు, ఊరిలోని పలువురు జానులలో ఎవడు చెల్లించెనో, ఎవడు తప్పించుకొనెనో తెలియవలెను. 1377లో బిచ్చగాండ్రు తప్ప 14 ఏండ్లు దాటిన వారందఱిపై 4 పెన్నీల తలపన్ను విధింపబడెను. 1379లో అది మఱల వచ్చెను. మూడవమాఱు తలకు ఒక షిల్లింగు చొప్పున వసూలు చేయబోగా 1381లో రైతులు తిరుగబడిరి. తిరుగుబాటు అణగినది, లేఖకులు వ్రాసిన జాబితాలు నిలిచినవి. 1538లో బాప్తిస్మములను, వివాహములను, ఖననములను ప్రతి చర్చిలోను నమోదు చేయవలెనని థామస్ క్రాంవెల్ ఆజ్ఞాపించెను. పేరు తరతరములకు కట్టువడినది. దస్త్రములతో దినము గడుపు మన సోదరోద్యోగులకు వేఱుగ చెప్పనేల? పిలిచిన పేరు గాలిలో కలియును. వ్రాసిన పేరు నిలుచును.

ఒక ఏటిలో పలు వాగులు కలిసినట్లు ఈ పేరులో అన్యనామములును కలిసినవి. స్కాట్లండు కొండసీమలలో గేలిక్ భాష మాటలాడువారికి 'న్యాయాధిపతి కొడుకు' అను అర్థము గల ఇంటిపేరొకటి, 'గోధుమవన్నె పిల్లవాని కొడుకు' అను అర్థము గల మఱియొకటి ఉండెను. ఆంగ్లము వ్యాపించిన కొలది రెండును బ్రౌనుగనే మాఱినవి. మొదటిదానికి రంగుతో పొత్తే లేదు; ధ్వనిసామ్యమే కారణము. జర్మను భాషలో ఇదే ధ్వనియు ఇదే అర్థమును గల ఇంటిపేరువారు పలువురు అమెరికా చేరి, వర్ణక్రమము మార్చి, ఆంగ్ల బ్రౌనులైరి.

ఓడలెక్కి ఈ పేరు ఖండాంతరములకు పోయినది. 1620లో మేఫ్లవరు ఓడలో అమెరికా చేరినవారిలో పీటర్ బ్రౌను ఒకడు. 1777లో ఐర్లండున పుట్టిన విలియం బ్రౌను అర్జెంటీనా నౌకాదళమునకు మూలపురుషుడయ్యెను. యార్కుషైరు నుండి కలకత్తా వచ్చిన డేవిడ్ బ్రౌను అను మతాచార్యుని కుమారుడే మన బ్రౌను. 1798లో కలకత్తాలోనే జన్మించెను.

ఈ వ్యాప్తిలో చీకటి పుట కూడ ఒకటి కలదు. అమెరికాలో బానిసలుగా అమ్ముడువోయిన ఆఫ్రికావాసుల పూర్వనామములు తుడిచివేయబడినవి. యజమానుల ఇంటిపేర్లు పెక్కుమందికి అంటుకొనినవి. కెంటకీలో 1814 ప్రాంతమున బానిసగా పుట్టిన విలియము అను బాలుని కథ వినదగినది. యజమాని బంధువుల బిడ్డకును అదే పేరుండుటచే, ఈ బాలుని పేరు సాండ్‌ఫర్డుగా మార్చిరి. 1834లో అతడు పారిపోయి, మంచులో జబ్బుపడి, ఒహైయోలో వెల్స్ బ్రౌను అను క్వేకరు మతస్థుని ఇంట ప్రాణము దక్కించుకొనెను. స్వతంత్రుడైన పిమ్మట తన విలియము పేరును తిరిగి గైకొని, ఆశ్రయమిచ్చినవాని పేరును దానికి చేర్చుకొని, విలియం వెల్స్ బ్రౌను అయ్యెను. 1853లో లండనున వెలువడిన అతని 'క్లోటెల్' అమెరికా నల్లజాతివాడు రచించిన మొదటి నవలగా ఎన్నబడుచున్నది. పలువురికి బలవంతముగా అంటిన పేరును ఇతడు కృతజ్ఞతతో కోరి ధరించెను.

2010 నాటి అమెరికా జనగణనలో బ్రౌను నాలుగవ పెద్ద ఇంటిపేరు. ఆ పేరుగల 14 లక్షలకు పైబడిన జనులలో మూడవవంతునకు మించి నల్లజాతివారు. తండ్రినుండి కొడుకునకు సంక్రమించు జన్యులక్షణములను ఇంటిపేర్లతో పోల్చిచూచిన శాస్త్రజ్ఞులు, అరుదగు పేర్లలో రక్తసంబంధము తఱచుగా ఉండుననియు, బహుళ ప్రచారముగల పేర్లలో అది కనబడుట అరుదనియు తేల్చిరి. ఇంటిపేరు కలిసినంత మాత్రమున ఇల్లు కలిసినట్లు కాదు.

తెలుగు నిఘంటుకర్తయగు బ్రౌనును, బానిస సంకెల తెంచుకొనిన బ్రౌనును ఒకే సంవత్సరమున, 1884లో, దివంగతులైరి. ఒకనికి ఆ పేరు తండ్రి ఇచ్చెను. వేఱొకనికి ఆశ్రయదాత ఇచ్చెను. ఇరువురును దానిని తమ కృషిచే సార్థకము చేసిరి. పేరు ఎక్కడినుండి వచ్చినదో చరిత్రకారుడు చెప్పగలడు; దాని గౌరవమును మాత్రము ధరించినవాడే సంపాదింపవలెను.