పెండ్లిసుంకము



గత మాఘమాసమున మా రెండవ కుమార్తె వివాహము జరిగినది. ముహూర్తము నిశ్చయమైన రాత్రి మా యింట మూడు పట్టికలు తయారైనవి. చీరలు, పాత్రలు, బియ్యము, పసుపు కుంకుమలు గల పట్టిక నా భార్యది. పెండ్లియైన పిమ్మట దంపతులు పోదలచిన యూళ్ల పట్టిక మా యమ్మాయిది. అందు ఊటీ, కొడైకెనాలు కలవు. దానిని హనీమూను అందురట. మా కాలమున అత్తవారింట మూడు నిద్రలు చేసి, కదిరి నరసింహస్వామిని దర్శించి వచ్చిన చాలును. మూడవది వ్యయముల పట్టిక. అది వ్రాయు భారము సహజముగా నాదే. ఆ యంకెలు కూడుచుండగా నాకు విజయనగరమునాటి పెండ్లిసుంకము జ్ఞప్తికి వచ్చినది.

మాది రామగిరి. నేటి శ్రీ సత్యసాయి జిల్లాలోని ఈ ప్రాంతమునకు నాడు పెనుకొండయే రాజధానీస్థానము. కావ్యములందును శాసనములందును దానికి ఘనగిరియని పేరు. ఆ రాయల యేలుబడిలో పొలమునకు, మగ్గమునకు, గానుగకు పన్నున్నట్లే పెండ్లికిని పన్నుండెడిది. పందిరి వేసిన గృహస్థుడు పురోహితుని సంభావనతోపాటు రాజు సుంకమును గూడ లెక్కించుకొనవలసినదే. కృష్ణదేవరాయల కాలమున (1509–1529) పెక్కు సీమలలో ఈ సుంకమును మాన్పిరి. ఆ మాన్పుటనే ప్రజలు శిలలపై చెక్కించి దాచుకొనిరి. యుద్ధవిజయముల శాసనములను రాజులు వ్రాయింతురు. పెండ్లిసుంకము తొలగిన శాసనము చదువునపుడు మాత్రము నాకు ఆడపిల్లల తండ్రుల నిట్టూర్పు వినవచ్చును.

అంతకంటె విశేషమైన శాసనము మరియొకటి కలదు. అది వేలూరునకు సమీపముననున్న విరించిపుర దేవాలయమునందు, రెండవ దేవరాయల కాలమున, 1425లో వ్రాయబడినది. పడైవీటి రాజ్యమునందలి కన్నడ, తమిళ, తెలుగు, లాట బ్రాహ్మణులందరును కూడి ఒక కట్టుబాటు చేసికొనిరి: ఇకమీదట వివాహము కన్యాదానముగనే జరుగవలెను, బంగారము పుచ్చుకొని పిల్లనిచ్చినవాడును, బంగారమిచ్చి పిల్లను గొన్నవాడును రాజదండనకు పాత్రులు, కులమునుండి వెలి.

ఇచ్చట బంగారము నడచిన దిక్కు గమనింపుడు. వరునివారి యింటినుండి కన్యయింటికి! గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కము’ 1892లో ప్రదర్శింపబడునాటికిని ఆ దురాచారము చావలేదు. అటుపిమ్మట బంగారము త్రోవ మార్చుకొని కన్యయింటినుండి బయలుదేరినది. 1961లో వరకట్న నిషేధ చట్టము వచ్చినది. త్రోవ మారినదే కాని బేరము మారలేదు.

మా యూరి సంగతి మరింత చిత్రము. మా భూమిలోనే బంగారము కలదు. పూర్వులు త్రవ్వినారు, ఆంగ్లేయ కంపెనీవారు త్రవ్వినారు, తరువాత ప్రభుత్వసంస్థ త్రవ్వినది. 2001లో గనులు మూతబడినవి. బంగారముపై కాపురముండి, కూతురి మెడలోనికి బంగారమునకై అప్పుచేయు జనము మేము. మా అక్క పెండ్లికి మా నాయన బావిక్రింది రెండెకరములు అమ్మెను. ఆ చేనిగట్టున నడచునపుడెల్ల ఆయన ముఖము ప్రక్కకు త్రిప్పుకొనెడివాడు. మా కుమార్తెకును మొదట వచ్చిన సంబంధము పదితులముల దగ్గర ఆగి వెనుదిరిగినది. ఆ రాత్రి పిల్ల అన్నము తినలేదు, నేనును తినలేదు. ఇన్ని శాసనములు చదివినవాడను, ఆ పెద్దమనుష్యుల యెదుట ఒక్కమాటయు అనలేకపోతిని.

రెండవమారు వచ్చినవారు అడిగినది ఒక్కటే: ధర్మవరపు పట్టుచీర. అది మేము అడుగకయే పెట్టువారము. ధర్మవరపు నేతగాని మగ్గము నమ్ముకొనియే కదా మా సీమ పెండ్లికూతుండ్రు పీటలపై గూర్చుండుట!

పెండ్లియైన నాలుగవనాడు, ఊటీకి పోవుటకు ముందు, దంపతులను హిందూపురము మీదుగా లేపాక్షికి తోడ్కొనిపోయితిని. అచ్యుతదేవరాయల కాలమున పెనుకొండలో అధికారియైన విరుపణ్ణయు, అతని సోదరుడు వీరణ్ణయు కట్టించిన వీరభద్రాలయమది. కప్పుపై చిత్రించిన స్త్రీల చీరల యంచులను మా యమ్మాయి తన కొంగుతో పోల్చి చూచుకొనినది. వెనుకభాగమున పార్వతీ పరమేశ్వరుల కల్యాణమంటపము కలదు. స్తంభములపై పెండ్లికి విచ్చేసిన దేవతలును ఋషులును నిలిచియున్నారు. పైన కప్పు లేదు.

“మామా, ఇది ఎందుకు పూర్తి కాలేదు?” అని అల్లుడు అడిగెను.

ఆ యూరివారి కథ చెప్పితిని. విరుపణ్ణ రాజాజ్ఞ లేక బొక్కసము సొమ్ము ఆలయమునకు వెచ్చించెనట. రాజు కన్నులు తీయింపబోగా, తానే పెరికి గోడకు విసరెనట. ఆ మరకలని రెండు ఎఱ్ఱని గుర్తులను నేటికిని చూపుదురు. ఇది జనశ్రుతియే కాని శాసనసిద్ధము కాదని గూడ చెప్పితిని. ఉపాధ్యాయుని నోరు ఊరకుండదు కదా!

మా యమ్మాయి ఆ స్తంభములను కొంతసేపు చూచి, “అయితే నాయనా, శివుని పెండ్లి కూడా ఖర్చుల దగ్గరే నిలిచిపోయిందన్నమాట” అనినది. అల్లుడు నవ్వెను. నా జేబులో ఆ మూడవ పట్టిక ఇంకను ఉండెను. సాయంకాలపు బస్సులో వారు బెంగుళూరు మీదుగా ఊటీకి పోయిరి. నేను ధర్మవరము బస్సెక్కితిని.