తీరిక యెవరి సొత్తు?

నేటి యువకులు టీ త్రాగుచు, సినిమాలు చూచుచు కాలము వృథాపుచ్చుచున్నారని పెద్దలు తఱచుగా నిందింతురు. ఈ నింద క్రొత్తది కాదు. టీ దుకాణమును సినిమాశాలయు మన యూళ్లకు వచ్చిననాటినుండియు వినబడుచునే యున్నది. మేము బడిలో పిల్లలకు చరిత్ర చెప్పువారము గావున, దోషమెవరిదో నిర్ణయించుటకు ముందు ఆ ఖాళీ కాలము జనులకెట్లు చిక్కినదో, దానిని నింపవచ్చిన వస్తువులెట్లు వచ్చినవో విచారింపదలచితిమి.

మొదట మాటలను చూతము. సంస్కృతమున ఆలస్యమనగా సోమరితనము. తెనుగున ఆ మాటకే జాగు అను నర్థము స్థిరపడినది. చేయవలసిన పని యుండగా చేయకుండుట సోమరితనము; జాగు దాని ఫలము. తీరిక యన్ననో, తీరుట యను క్రియనుండి పుట్టినది. పని తీరిన పిమ్మట మిగులునది తీరిక. మొదటిది పనిని దొంగిలించును. రెండవది పనిచే సంపాదింపబడును. ఈ రెంటిని ఒకే గాట కట్టుటవలననే మన తీర్పులు పెక్కులు తప్పిపోవుచున్నవి.

సేద్యపు బ్రతుకులో తీరిక ఋతువును బట్టి వచ్చెడిది. కోతలనాడు ఊపిరి సలుపదు. కుప్పలు నూర్చిన పిదప హరికథలకును తోలుబొమ్మలాటలకును రాత్రులు చాలవు. యంత్రశాలలు వచ్చినపుడు గడియారము ఋతువు నోడించెను. 1881లో పుట్టిన మొదటి ఫ్యాక్టరీల చట్టము బాలుర పనికి మాత్రమే హద్దు పెట్టెను. ఎదిగిన మగవాని శ్రమకు హద్దే లేదు. 1911లో నేతమిల్లుల మగవారికి దినమునకు 12 గంటలని హద్దు వచ్చెను. 1922లో వారమునకు 60 గంటలని, 1934లో ఏడాది పొడుగున నడచు ఫ్యాక్టరీలకు 54 అని, 1948లో 48 అని చట్టములు పనివేళను తగ్గించుచు వచ్చినవి. కూలివాని సాయంకాలము ఊరక వచ్చినది కాదు. సమ్మెలును సంఘములును చట్టములును కలిసి గంట గంటగా గెలిచినది.

ఆ ఖాళీ వేళ విలువను ముందుగా కనిపెట్టినవారు వర్తకులు. 1823లో రాబర్టు బ్రూసు అను స్కాట్లండు వర్తకుడు అస్సాములో తేయాకు మొక్క పెరుగుచున్నదని తెలిసికొనెను. 1839లో లండనులో అస్సాం కంపెనీ యేర్పడెను. తోటలలోని యాకు చాలవఱకు ఇంగ్లండునకే పోయెడిది. మన జనసామాన్యమునకు దాని రుచి తెలియదు. సరకు పెరిగి ధర పడిపోగా, తోటల యజమానుల కోరికపైననే 1903లో ఎగుమతియగు తేయాకుపై సుంకము విధించు చట్టము వచ్చెను. ఆ సొమ్ముతో టీకి ప్రచారము సాగెను. రైలు స్టేషనులలో ప్రకటనలు వెలసినవి. మిల్లులలోను గనులలోను టీ దుకాణములు తెఱపించి, పని నడుమ టీకి కొంత విడుపు నిండని యజమానులకు బోధించిరి. తరతరాల యలవాటని మన మనుకొనునది, తెలివిగా నాటబడిన వ్యాపారము.

ఆ గ్లాసు వెనుక మఱియొక కథయు గలదు. అస్సాము తోటలలో పనిచేయుటకు గంజాము, విశాఖపట్టణము జిల్లాలనుండి తెలుగు కూలీలును పోయిరి. 1882 నాటి చట్టము ప్రకారము, ఒడంబడిక మీఱి తోట విడిచిపోవు కూలిని వారంటు లేకయే పట్టుకొను నధికారము యజమానికి గలదు. 1908లో గాని యది తొలగలేదు. మన తీరికకై ఆకు కోసిన చేతులకు తీరిక మాట యటుండ, వెడలిపోవు స్వేచ్ఛయే లేకుండెను.

సినిమా చరిత్రయు విచిత్రమైనదే. 1896 జూలై 7న బొంబాయి వాట్సన్ హోటలులో లూమియేరు సోదరుల కదలుబొమ్మలు మన దేశమున మొదట చూపబడెను. మచిలీపట్టణమున జన్మించిన రఘుపతి వెంకయ్యగారు చెన్నపట్టణమున సినిమాశాల కట్టించిరి. 1921లో వారి కుమారుడు ప్రకాశ్ ‘భీష్మప్రతిజ్ఞ’ తీసెను. 1932లో ‘భక్త ప్రహ్లాద’తో తెర తెలుగు పలికెను. 1938లో గూడవల్లి రామబ్రహ్మముగారు గుడిపాటి వేంకటచలముగారి కథను గైకొని ‘మాలపిల్ల’ తీసి, అస్పృశ్యతా సమస్యను జనుల ముందుంచిరి. ప్రొద్దు పుచ్చుటకు పోయినవాడు ప్రశ్నతో నింటికి వచ్చుటకు వీలు కలిగెను. ఇట్టి వేళను వ్యర్థమందుమా?

అయితే కలిసి గడపు తీరిక దానంతటదియే జనులను కలుపదు. సినిమాశాలలో టికెట్టు వెల కూర్చుండుచోటును నిర్ణయించెను. పెక్కు పల్లెల టీ దుకాణములలో కులము గ్లాసును నిర్ణయించెను. మాలమాదిగలకు వేఱు గ్లాసు, ఇతరులకు వేఱు గ్లాసు. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము 17వ అధికరణముచే అస్పృశ్యతను రద్దుచేసెను. 1955 నాటి చట్టము దానిని పాటించుటను శిక్షార్హమైన నేరముగా జేసెను. అటుపిమ్మటను రెండు గ్లాసుల పద్ధతి పెక్కేండ్లు బ్రతికియే యుండెను. ఒక్క గ్లాసున టీ త్రాగలేనివారు ఒక్క దేశమున బ్రతుకుట యెట్లు? అచట కూర్చుండి దేశోద్ధరణమును గూర్చి యెంత మాటాడినను ఆ వేళ వ్యర్థమే.

ఇక తీరికకు ప్రయోజనము కల్పించినవారి నొకరిని స్మరింతము. ఒకప్పుడు కృష్ణ కాలువలపై జనులు పడవలలో ప్రయాణము చేసెడివారు. నెమ్మదిగా సాగు పడవలో గంటలకొలది చేయునదేమియు లేదు. కునుకుపాటో, ఊసుపోక మాటలో. ఆ వేళపై పాతూరి నాగభూషణముగారి దృష్టి పడినది. గుంటూరు జిల్లా పెదపాలెము కేంద్రముగా 1935లో వారు పడవ గ్రంథాలయము నారంభించి, ప్రయాణికుల చేతికి పుస్తకముల నందించిరి. పడవ వేగము మారలేదు. ప్రయాణపు గంటలు తగ్గలేదు. ఆ గంటల విలువ మాత్రము మారెను. టీ ప్రచారకులు చూచినదియు ఈ ఖాళీ వేళనే, నాగభూషణముగారు చూచినదియు ఈ ఖాళీ వేళనే. నేడు తెర యఱచేతికే వచ్చి, మన ఖాళీ వేళకై మఱింత పోటీ నడచుచున్నది. మనము నింపుకొనని వేళను మఱియొకరు తమ లాభమునకై నింపుదురు. చరిత్ర చెప్పు పాఠ మిదియే.

చదువరులారా! జీవితమున కుద్దేశ్యమేదియని వెదకువారు దూరము పోనక్కఱలేదు. మేము చెప్పిన చట్టములన్నియు మిల్లు గుమ్మముకడనే నిలిచిపోయినవి. వంటింటి గడప నొక్కటియు దాటలేదు. మనకు టీ యందించు నిల్లాలి పనిగంటల నెవరును లెక్కింపలేదు. టీ మానుమని గాని, సినిమాకు పోవలదని గాని మేము చెప్పము. త్రాగిన గ్లాసును మనమే కడిగి, ఆ పూట వంటపనిలో చేయి వేసినచో, ఆమెకు పుస్తకము తెఱచుటకో, ఊరక కన్నుమూసి కూర్చుండుటకో ఒక యరగంట చిక్కును. ఇతరులకు తీరిక కల్పించుటకంటె మన తీరికకు మంచి ప్రయోజనము మాకు తోచుటలేదు.